ఓ నెగెటివ్ కింద ముసలయ్య పేరు

ఉత్తరాదిన గమ్హరియాలో లారీ యాక్సిళ్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో, మే నెలలో కూడా స్వెట్టరు వేసుకుని పనిచేసే గది ఒకటే ఉండేది. అది కంప్యూటర్ గది. పద్మకుమారి 1977లో కార్డులు పంచ్ చేసే ఉద్యోగానికి అందులో అడుగుపెట్టినప్పుడు ఆ చలికి వారం రోజులు ముక్కు కారింది. తండ్రి పోలరాజు రైల్వే యార్డులో మేస్త్రీ. ఆయన సంపాదించి పెట్టిన బర్మామైన్స్ బస్తీలోని రెండు గదుల ఇంట్లో ఫ్యాను కూడా అప్పటికి ఒక్కటే. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్ల, తొమ్మిదేళ్లు తిరిగేసరికి అదే గదిలో ప్రోగ్రామర్ కుర్చీలో కూర్చుంది. అందుకు కారణం నరసింహం గారు.

ఆ ఫ్యాక్టరీకి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు ప్రోగ్రాములన్నీ రాసింది ఆయనే. కార్డులు కొట్టే పిల్ల ఒకరోజు వచ్చి "సార్, ఈ లైన్లో కామా పోయినట్టుందండి" అంటే, ఆయన కాగితం చూసి, పిల్లని చూసి, "నీకెలా తెలిసింది?" అన్నారు. "పై లైన్లలో ఉంది కదండీ" అంది ఆమె. మర్నాటి నుంచి డ్యూటీ అయ్యాక గంటసేపు కూర్చోబెట్టి ఫోర్ట్రాన్ నేర్పడం మొదలుపెట్టారు. ఆయన రిటైరై బిర్సానగర్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయిన మూడేళ్లకి, 1986లో, పాత యంత్రం తీసేసి కొత్తది తెచ్చారు. కొత్త యంత్రానికి కార్డులు అక్కర్లేదు. దానికి వచ్చిన భాష కూడా ఫోర్ట్రానే, కానీ ఆయన నేర్పిన నాలుగో ఫోర్ట్రాన్ కాదు, డెబ్బై ఏడు.

"పేరు ఒకటే కదా, సులువే" అన్నాడు కొత్త మేనేజరు మధుసూదన్. పాత ప్రోగ్రాములు ఇరవై మూడూ కొత్త భాషలోకి మార్చే పని పద్మకుమారికి అప్పగించాడు.

సులువేమీ కాలేదు. కానీ ఆమెకి ఇష్టమైన పని. ప్రోగ్రాం అచ్చువేసిన లిస్టింగు ముందు పెట్టుకుని కూర్చుంటే నరసింహం గారే పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుండేది. ఎక్కడ ఆయన తొందరపడ్డారో, ఎక్కడ ఆగి ఆలోచించారో తెలిసిపోయేది. కొన్నిచోట్ల ఆయన చేసిన పని చక్కగా ఉండి, మార్చాలంటే చెయ్యి వెనకాడేది. అయినా నాలుగు నెలల్లో ఇరవై రెండు పూర్తిచేసింది. ఇరవై మూడోది అన్నిటికన్నా చిన్నది. కంపెనీ ఆసుపత్రికి ప్రతి సోమవారం వెళ్లే రక్తదాతల లిస్టు.

రక్తం ఇస్తామని పేరు రాయించుకున్నవాళ్లు మూడువందల నలభై మంది. ఒక్కొక్కరికీ ఒక కార్డు. పేరు, గ్రూపు, ఇంటి చిరునామా, చివరిసారి ఎప్పుడిచ్చారో. మూడు నెలల లోపల ఇచ్చినవాళ్లనీ, సెలవులో ఉన్నవాళ్లనీ తీసేసి, మిగిలినవాళ్ల పేర్లు గ్రూపులవారీగా అచ్చువెయ్యడమే ప్రోగ్రాం పని. పద్మకుమారి దాన్ని ఒకటిన్నర రోజులో మార్చేసింది. కార్డుల్లో ఉన్నదంతా డిస్కు మీదికి ఎక్కించింది. పాత లిస్టుతో పోల్చి చూసింది. ఆ వారం అన్ని గ్రూపుల్లోనూ మనుషులున్నారు, పేరుకి పేరు సరిపోయింది. శనివారం పాత యంత్రం ఆపేశారు. మధుసూదన్ అందరికీ లడ్డూలు పంచాడు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, జూలై వానలో సగం తడిసి, ఆసుపత్రి సిస్టరు సూర్యకాంతం కంప్యూటర్ గది తలుపు తోసుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి, టెక్కలి వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతికేళ్లుగా పనిచేస్తోంది. చెప్పులు విప్పాలన్న నియమం కూడా మర్చిపోయింది. చేతిలో సోమవారం లిస్టు.

"పద్మా, ఇదేటిది? ఓ నెగెటివ్ కింద ఏటీ నేదు."

పద్మకుమారి చూసింది. శీర్షిక ఉంది, కింద ఖాళీ. "ఈ వారం ఎవరూ లేరు సిస్టర్. మొత్తం నలుగురే. ఇద్దరు పోయిన నెల్లో ఇచ్చారు, ఒకాయన ఊరెళ్లాడు, ఒకాయన ఉద్యోగం మానేశాడు."

"అది కాదమ్మా. ఎవులూ నేకపోతే ముసలయ్య ఉంటాడు కదా. ఆడి పేరేది?"

ఏ ముసలయ్య అని అడగబోయి పద్మకుమారి ఆగింది. ఆ పేరు ఆమె చేతులకి తెలుసు. కార్డుల పెట్టెలో అన్నిటికన్నా పైన ఉండే కార్డు అది. అంచున ఎర్ర పెన్సిలు గీత ఉండేది. నలిగిపోయినప్పుడల్లా కొత్తది కొట్టి, గీత గీసి, మళ్లీ పైనే పెట్టాలని నరసింహం గారి ఆజ్ఞ. ఎందుకో ఎవరూ అడగలేదు. అది పెట్టెకి మూత లాంటిదనుకుంది ఆమె.

"ఆయనది బీ పాజిటివ్ సిస్టర్" అంది.

"నాకు తెల్దా? ఆడి రత్తం ఎవులిక్కావాలి? ఇచ్చీవోల్లని ఆడు తెస్తాడు." సూర్యకాంతం కుర్చీలో కూలబడింది. "ఫౌండ్రీలో చేసే అప్పన్న పెళ్లాం, బంగారమ్మని, రాత్రి తెచ్చారు. కానుపు కట్టమైపోతంది. ఆపరేసను చెయ్యాలి, రెండు సీసాలు ఎదర పెడితే గాని కత్తి ముట్టనంటంది డాక్టరమ్మ. పొద్దుట డ్యూటీలో కుర్రగుమస్తా ఇది చూసి 'లేదు' అని రాసీసి ఊరుకున్నాడు. ఊళ్లో మిగతా చోట్ల అడిగారు, ఎక్కడా నేదు. నేను రెండు గంటలకి డ్యూటీ ఎక్కి చూసేసరికి ఇదీ సంగతి. ముసలయ్యకి కబురెడదామంటే ఆడి ఇల్లు పాత డ్రైవరికే తెలుసు, ఆడు సెలవులో ఉన్నాడు. పాత లిస్టులు ఏ వారానికి ఆ వారం చింపీడమే. అడ్రసు నీ దగ్గరుంటాదని వచ్చాను."

పద్మకుమారి ఆ కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆ గుమస్తా 'లేదు' అని రాసింది ఆమె అచ్చువేసిన ఖాళీని చూసి.

"ఇల్లు నాకు తెలుసు" అంది లేస్తూ. "మా వెనక సందే. పదండి."

మధుసూదన్‌కి చెప్పి ఆసుపత్రి వ్యాను ఎక్కింది. సూర్యకాంతాన్ని ఆసుపత్రి దగ్గర దింపి, వ్యాను బర్మామైన్స్ సందుల్లోకి తిరిగింది. ముసలయ్య అంటే ఆమెకి తెలిసినదల్లా, చిన్నప్పుడు కుళాయి దగ్గర బిందెలు వరస తప్పిస్తే కేకలేసే ఫ్యాక్టరీ ఖలాసీ. బరువైన సామాను గొలుసులు కట్టి ఎత్తే పని చేసీ చేసీ చేతులు తాళ్లలా ఉండేవి. రెండేళ్ల క్రితం రిటైరయ్యాడు. ఇప్పుడు గుమ్మంలో పీట మీద కూర్చుని, ఒక మోకాలికి ఏదో ఆకు కట్టు కట్టించుకుంటున్నాడు. భార్య జోగమ్మ కడుతోంది.

వ్యాను చూడగానే ఆయన కట్టు మీద చెయ్యి వేసి భార్యని ఆపేశాడు. "ఏ గ్రూపు?" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఎవరి కోసం అని కూడా.

"ఓ నెగెటివ్, పెదనాన్నా. రెండు సీసాలు."

"నువ్వు పోలరాజు కూతురివి కాదేటి? నువ్వొచ్చీసేవేటి, డ్రైవరేడీ?" అంటూనే తువ్వాలు భుజాన వేసుకున్నాడు. లేచేటప్పుడు గోడ పట్టుకున్నాడు. "ఓ నెగిటివ్ అంటే... చక్రధర్‌పూర్ బదిలీ అయిపోనాడొకడు. ఇంకోడికి కామెర్లొచ్చినాయి, ఆడు పనికిరాడు. సరస్వతమ్మ ఉన్నాది, నయం. బిర్సానగర్‌లో మాఝీ ఉన్నాడు. పద."

సరస్వతమ్మ అదే బస్తీలో బియ్యం కొట్టు నడుపుతుంది. ఇచ్ఛాపురం మనిషి, సగం ఒడియా సగం తెలుగు. ముసలయ్య వ్యాను దిగకుండానే ఆమె కొట్టు రేకు తలుపు సగం దించేసింది. "ఆరు నెలలైంది కదా ఇచ్చి, ఇబ్బంది లేదు" అని తనే చెప్పింది. బిర్సానగర్‌లో సుఖ్‌రామ్ మాఝీ అప్పుడే వేరే ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు దిగి అన్నం ముందు కూర్చున్నాడు. ముసలయ్య గుమ్మంలో నిలబడి "ఖా లో బేటా, పహలే ఖా లో" అన్నాడు, ముందు తినెయ్యమని. అతను తినేదాకా ఇద్దరూ బయట వానలో నిలబడ్డారు. పద్మకుమారి గడియారం చూసుకుంటుంటే ముసలయ్య ఆమె మణికట్టు మీద రెండు వేళ్లు వేసి కిందికి దించాడు.

"కాళీ కడుపుతో ఎల్తే ఆడు పడిపోతాడు. అప్పుడు ఇద్దరు రోగులు."

ఆసుపత్రిలో మాఝీ మంచం మీద పడుకుని, సూది చూసి కళ్లు మూసుకున్నాడు. ముసలయ్య అతని తల వైపు కూర్చుని, చెయ్యి పట్టుకుని, క్రేను కింద తెగిన గొలుసు కథ ఏదో హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. సూది గుచ్చే క్షణానికి తను మాత్రం మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు.

"నాకు సూదంటే బయం" అన్నాడు తరవాత వరండాలో, రహస్యం చెబుతున్నట్టు. "ఒక్కపాలే ఇచ్చినాను. కళ్లు తిరిగి పడిపోనాను."

"మరి ఎవరిది ఏ గ్రూపో మీకెలా గుర్తుంటుంది పెదనాన్నా?"

"అదేటమ్మా, ఒకపాలి తీసుకొచ్చినోడిని మర్చిపోతామా? ఆడి ఇంట్లో నీల్లు తాగుతాను కదా."

ఆరున్నరకి బంగారమ్మని ఆపరేషను గదిలోకి తీసుకెళ్లారు. పద్మకుమారి ఇంటికి వెళ్లలేకపోయింది. వరండా బెంచీ మీద కూర్చుంది. అప్పన్న ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఫౌండ్రీ బూడిద ఇంకా అతని చెవుల వెనక ఉంది. పద్మకుమారి కాగితం వల్ల తన భార్యకి ఒక పూట దండగైపోయిందని అతనికి తెలియదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. ఏడు దాటాక సూర్యకాంతం తలుపు తీసి, అప్పన్నతో, "ఆడపిల్ల. తల్లీ బాగానే ఉన్నాది. ముందెల్లి మొకం కడుక్కుని రా" అంది. అప్పన్న అక్కడే కింద కూర్చుండిపోయాడు.

మర్నాడు ఉదయం పద్మకుమారి పాత లిస్టింగు ముందేసుకుని కూర్చుంది. ఏం జరిగిందో పది నిమిషాల్లో దొరికింది. దొరికాక తల పట్టుకుంది.

'ఫలానా పని ఇన్నిసార్లు చెయ్యి' అని చెప్పే వాక్యం రెండు భాషల్లోనూ ఒకేలా ఉంటుంది, అక్షరం తేడా లేదు. కానీ పాత భాష ముందు పని చేసి, తరవాత లెక్క చూసుకుంటుంది. సున్నాసార్లు చెయ్యమన్నా ఒకసారి చేసే తీరుతుంది. కొత్త భాష ముందే లెక్క చూస్తుంది, సున్నా అయితే ఆ పని జోలికే పోదు. ఓ నెగెటివ్ వాళ్లు ఒక్కరూ లేని వారం పాత యంత్రం ఒక పేరు అచ్చువెయ్యాలి కాబట్టి వేసేది. ఏ పేరూ ఎంచి ఉండదు కాబట్టి పెట్టెలో మొదటి కార్డు తీసుకునేది. ఆ మొదటి కార్డు ముసలయ్యది.

అంటే అది తప్పు. పదమూడేళ్ల పాటు ఎవరూ పట్టుకోని తప్పు. కానీ ఆ ఎర్ర గీత మాట? తెలియని తప్పుకి ఎవరూ ఎర్ర గీత గియ్యరు.

శనివారం సగం పూట సెలవు. ఆమె బిర్సానగర్ వెళ్లింది. నరసింహం గారి భార్య జానకీదేవి తలుపు తీసి, "రామ్మా, ఆయనకి కన్ను ఆపరేషనైంది, నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. నన్ను పేపరు చదవమని చంపుతున్నారు, నువ్వైనా కాసేపు చదువు" అంది.

పద్మకుమారి పేపరు చదవలేదు. లిస్టింగు తీసి, ఆ లైన్లు చదివింది. మూడో లైను దగ్గరే నరసింహం గారి మొహం మారింది. చదవడం పూర్తిచేసి ఆమె మంగళవారం ఆసుపత్రిలో జరిగిందంతా చెప్పింది.

"దొరికిపోయానన్నమాట" అన్నారు చివరికి.

"మీకు తెలుసా సార్?"

"డెబ్బై మూడులోనే తెలుసమ్మా. ప్రోగ్రాం మొదలుపెట్టిన రెండో నెల. ఓ నెగెటివ్ కింద బీ పాజిటివ్ మనిషి పేరు కనిపించింది. నా గుండె ఆగిపోయినంత పనైంది. ఆసుపత్రి లిస్టులో తప్పుడు గ్రూపు. వెంటనే కూర్చుని ఎక్కడ పొరపాటో పట్టుకున్నాను. దిద్దడానికి ఒక్క కార్డు చాలు. అది కొట్టించుకుని జేబులో పెట్టుకుని, ముందు క్షమాపణ చెప్పుకుందామని ఆసుపత్రికి పరిగెత్తాను." ఆయన నల్లద్దాల వెనక కళ్లు తుడుచుకోబోతే జానకీదేవి చెయ్యి పట్టుకుని ఆపింది, కన్ను ముట్టుకోకూడదని. "అక్కడ పెద్ద డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. 'మీరు పంపిన మనిషి ఎవరండీ, ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు, ఓ ప్రాణం నిలిచింది' అన్నారు. నేనేం చెప్పను? పొరపాటున పంపానని చెప్పనా? ఊరికే నవ్వి వచ్చేశాను. ఆ కార్డు సొరుగులో పడేశాను."

"ముసలయ్యగారి కార్డు పైన ఎలా వచ్చింది సార్?"

"రక్తదానం కేంపు రోజు అందరూ భయపడి ఒకళ్లనొకళ్లు ముందుకి తోసుకున్నారు. ఆయన్ని తోసేశారు. మొదటి పేరు ఆయనదైంది, అంతే. తరవాత నేనే పైన ఉంచమన్నాను."

"ఒక్క కామెంటైనా రాయలేదేం సార్? నాకు ప్రతి దానికీ కామెంటు రాయమని చెప్పేవారు కదా."

"ఏమని రాయనమ్మా? 'ఇక్కడ తప్పుంది, దయచేసి దిద్దకండి' అనా? సిగ్గేసింది." ఆయన చిన్నగా నవ్వారు, వెంటనే నవ్వు పోయింది. "ఆ సిగ్గు వల్ల మొన్న ఆ అమ్మాయికి ఏమైనా అయ్యుంటే..."

"ఏమీ కాలేదు సార్. ఆడపిల్ల పుట్టింది. నేనైనా ఖాళీ లిస్టు ఒక్కసారి పరీక్షించి చూడాల్సింది. చూడలేదు."

జానకీదేవి ఉప్మా పెట్టిన ప్లేటు తెచ్చి మధ్యలో పెట్టింది.

"ముసలయ్యకి చెప్పావా?" అన్నారు నరసింహం గారు.

"లేదు సార్."

"ఆయన ఇన్నేళ్లూ కంపెనీ తనని ఏరికోరి ఎంచుకుందనుకుంటున్నాడు. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను, చెబుదామని. టీ తాగి వచ్చేశాను."

సోమవారం పద్మకుమారి మధుసూదన్ ఎదుట కూర్చుని అంతా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. చెడ్డవాడు కాదు, పని శుభ్రంగా ఉండాలనుకునే మనిషి.

"ఇందులో అంత ఆలోచించాల్సింది ఏముంది పద్మకుమారి గారూ? కొత్త కంపైలర్‌కి ఒక స్విచ్చు ఉంది. అది పెడితే ఈ వాక్యాన్ని పాత పద్ధతిలోనే నడుపుతుంది. ఒక్కసారైనా చేస్తుంది. ఆయన కార్డు మొదటి వరసలో పెట్టండి, అయిపోతుంది."

"పెట్టొచ్చండి. కానీ అప్పుడది మళ్లీ ఎవరికీ కనపడదు. నా తరవాత వచ్చేవాళ్లు నాలాగే దిద్దేస్తారు. దాన్ని దాచకుండా పైకే రాద్దామండి. సరిపోయేవాళ్లు ఎవరూ లేకపోతే, వెతికి తీసుకురాగలిగిన వాళ్ల పేర్లు ఇవ్వు అని."

"అది దాతల లిస్టు. దాత కాని మనిషి పేరు అందులో ఉండడం పద్ధతేనా? పైగా రిటైరైన మనిషి."

"దాతల పేర్లు ఇవ్వమని కాగితం మీద రాసుకున్నది మనమేనండి. సిస్టరు గారికి కావాల్సింది పేర్లు కాదు, రక్తం. పదమూడేళ్లలో ఎన్నిసార్లు ఆ గ్రూపు ఖాళీగా వచ్చిందో మన గదిలో రోజూ రాసే లాగ్ పుస్తకం చూసి లెక్కపెట్టాను. పంతొమ్మిది సార్లు."

మధుసూదన్ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "వేరే శీర్షిక కింద వెయ్యండి. 'వీరి గ్రూపు వేరు, వీరు దాతలను తీసుకురాగలరు' అని స్పష్టంగా ఉండాలి. ఏ డ్యూటీలో ఉన్న కొత్త నర్సైనా పొరపాటు పడకూడదు."

"అలాగేనండి."

"ఇంకోటి. ఆయన్ని అడిగారా? అడగకుండా మనిషి పేరు యంత్రంలో పెట్టేస్తే ఎలా?"

ఆ మాట పద్మకుమారికి తట్టలేదు. నిజమే. ఆయన్ని ఇన్నేళ్లలో ఒక్కళ్లూ అడగలేదు.

ఆదివారం పొద్దున్న ఆమె వెనక సందుకి వెళ్లింది. జోగమ్మ పెసరట్లు వేస్తోంది. ముసలయ్య ఆమెని చూసి వ్యాను కోసం వెనక్కి చూశాడు. లేదని తెలిసి స్థిమితపడి, పీట జరిపాడు. పద్మకుమారి ఇంట్లో మాట్లాడే తెలుగులోకి వచ్చేసింది.

"పెదనాన్నా, ఓ మాట సెప్పాలి. కోపం తెచ్చుకోకు."

"సెప్పు."

"నీ పేరు ఆ లిస్టులో మొదటిపాలి పొరపాటున పడింది. మిషనులో తప్పది. నిన్నెవులూ ఎంచుకోలేదు." పీట ముందుకి జరుపుకుంది. "మొదటిపాలే. రెండోపాలి నుంచి కాదు."

ముసలయ్య మోకాలు రుద్దుకున్నాడు.

"తెలుసమ్మా" అన్నాడు.

"ఏటి తెలుసు?"

"పొరపాటని. నాది బీ పాజిటివ్ అని కేంపులో సీటీ ఇచ్చారు కదా. ఆ దినం డ్రైవరొచ్చి కాగితం సదివితే ఓ నెగిటివ్ అన్నాడు. నాది కాదురా బాబూ అందామని నోటిదాకా వచ్చీసింది. ఆడు బండి ఇంజిను ఆపలేదు. తలుపు తెరిచి పట్టుకుని, అలగే నిలబడిపోనాడు. గుమ్మం కాడికొచ్చిన ఆసుపత్రి బండిని ఉత్తినే ఎలాగ పంపీడం? ఎక్కీసినాను. ఎక్కినాక ఏటి సెయ్యాలో అప్పుడు ఆలోచించినాను."

"రెండోపాలి వచ్చినప్పుడైనా సెప్పలేదేం?"

"సెప్తే పేరు తీసీయరేటి?" అన్నాడు ముసలయ్య, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "పెద్దాఫీసోలు తప్పు సూసుకోలేదు, మన అదురుష్టం అనుకున్నాను. ప్రతిపాలీ బయమే, ఈపాలి సూసుకుంటారేమో, రాదేమోనని. నరసింవంగారు ఒకట్రెండుసార్లు మా ఇంటికొస్తే, ఇదిగో ఇప్పుడు సెప్పీస్తాడు అనుకున్నాను. టీ తాగి ఎల్లిపోనాడు. పాపం, ఆయనకి తెల్దు గావాలని ఊరుకున్నాను. నువ్వూ సెప్పకు, బాదపడతాడు."

పద్మకుమారి నవ్వబోయింది. కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయనకి తెలుసు పెదనాన్నా. కన్ను ఆపరేసనై ఇంట్లో ఉంటే ఎల్లి అడిగాను. మొదటినుంచీ తెలుసు."

పెనం మీద అట్టు చిరచిరలాడుతోంది. జోగమ్మ తిప్పడం ఆపి ఇటు తిరిగి చూసింది. ముసలయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, అవసరం కన్నా ఎక్కువసేపు.

"ఆ కన్ను బాగుపడినాక ఓపాలి ఎల్లాలి" అన్నాడు కాసేపటికి. "నన్ను బస్సెక్కించు."

"ఎక్కిస్తాను. ఇప్పుడు ఇంకో సంగతి. కొత్త మిషన్లో నీ పేరు కావాలనే రాద్దామనుకుంటున్నాను. పొరపాటు కాదు. నీకు ఇష్టమేనా?"

ముసలయ్య మోకాలి వైపు చూసుకున్నాడు. "ఇష్టానికేటి. ఇది ఒప్పుకోదు. మొన్న వ్యాను ఎక్కడానికే నువ్వు సెయ్యి పట్టుకున్నావు. నానొక్కన్నీ ఉంటే ఎలాగ? ఇంకో నలుగుర్ని వెయ్యి. బస్తీకొకల్లు. నాను సెప్తాను, రాసుకో."

ఆమె సంచిలోంచి పుస్తకం తీసింది. ముసలయ్య వేళ్లు మడుస్తూ చెప్పాడు. బర్మామైన్స్‌కి సరస్వతమ్మ, కొట్టుకి వచ్చేవాళ్లందరూ తెలుసు. బిర్సానగర్‌కి మాఝీ, అతను అడిగితే ఇటుక బట్టీ వాళ్లు కూడా వస్తారు. గమ్హరియాకి కేంటీన్‌లో వంటమనిషి నూకమ్మ. రైల్వే కాలనీకి గార్డు సీతారామరావు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఏ వేళకి ఎక్కడుంటారో, ఎవరిని అన్నం తిననిచ్చి తీసుకురావాలో, ఎవరి అత్తగారికి ముందు చెప్పాలో అన్నీ చెప్పాడు. పద్మకుమారి చిరునామాలే కాక అవి కూడా రాసుకుంది. వాటికి యంత్రంలో ఎక్కడ చోటు పెట్టాలో ఇంకా తెలియలేదు గానీ, కొత్త భాషలో మాటలు ఎంత పొడుగైనా రాయచ్చు. చూసుకోవచ్చు అనుకుంది.

ఐదో పేరు దగ్గర జోగమ్మ అడ్డం వచ్చింది.

"అసిరయ్యా? ఆడెందుకు? ఆడు మనిసితో మాటాడ్డమే రాదు."

"మాటాడ్డం రాదు. వద్దంటే కదలడు. గుమ్మంలో అలగే నిలబడిపోతాడు, వచ్చేదాకా."

"మరి నా పేరెయ్యరేటి?" అంది జోగమ్మ అట్లకాడ పట్టుకుని. "నువ్వు షిఫ్టులో ఉన్నప్పుడు నాలుగుపాలు ఎవులెల్లారు? ఆ పంజాబీ ఆవిడని తెచ్చిందెవులు?"

ముసలయ్య దీనికి జవాబు వెతుక్కుంటుంటే, పద్మకుమారి అసిరయ్య, జోగమ్మ ఇద్దరి పేర్లూ రాసేసి, జోగమ్మ పేరు పక్కన ఇంటి నంబరు వేసుకుంది. పెసరట్టు పళ్లెం ఆమె ఒళ్లోకి వచ్చింది. తింటూ, తప్పులున్నాయేమో చూసుకోవడానికి, ముసలయ్యతో కలిపి ఆ ఏడు పేర్లూ వాళ్లకి పైకి చదివి వినిపించడం మొదలుపెట్టింది.